నాంపల్లి తోటలో తెల్లపులి కథ

హైదరాబాదు నగరమున అబిడ్సు పేరు విననివా రరుదు. ఆ పేరెవ్వరిదని యడిగినచో, ఆ వీథిలో దినమెల్ల క్రయవిక్రయములు చేయువారిలో సైతము పలువురు చెప్పజాలరు. ఆరవ నిజాము మీర్ మహబూబ్ ఆలీఖానుగారి కొలువులో ఆల్బర్ట్ ఆబిద్ అను ఆర్మేనియా యూదుడొకడుండెను. ప్రభువుగారి యుడుపులు కనిపెట్టి చూచుట యాతని పని. ఆతడిచ్చట నొక పెద్ద యంగడి తెరచెను. అంగడి పోయెను, ఆతడును పోయెను, పేరు మాత్రము జనుల నాలుకలపై నిలిచినది. పేరొక్కటి మూడునాలుగు తరములు దాటివచ్చిన మనకు వింతగా తోపదు. వర్ణమో, రూపమో, వైకల్యమో నడుమ రెండు తరములందు కానరాక మూడవ తరమున తలయెత్తినచో మాత్రము, ఇది యెవరి పాపమాయని యిల్లెల్ల వెదకుదుము. వెదకి వెదకి తుదకు కోడలియొద్ద నిలుతుము.

గత మాఘమాసమున మావారికి నగరమున ఉపాధ్యాయుల శిక్షణతరగతు లుండుటచే మేమును వెంటబోయి పదిదినములుంటిమి. మా పెద్దవదినగారును, నిరుడు జంతుశాస్త్రముతో బి.యస్సీ. ముగించిన యామె కొమార్తెయు మాతో వచ్చిరి. పైకి చెప్పిన కారణము నగరదర్శనము. లోపలి కారణము వేరు. పిల్లను మా మరిదికి, అనగా దాని చిన్నమేనమామకు, ఇచ్చి చేయవలెనని పెద్దల యుద్దేశము. మరిది యోగ్యుడు, ఉద్యోగస్థుడు, ఇంటిలోని పిల్లవాడు. పిల్ల ఔననలేదు, కాదనలేదు. ఆ మౌనమునకు అర్థము కనుగొనుడని వదినగారు మమ్ము కోరియుండిరి. ఆదివారము ప్రొద్దున మావారు బసలో నుత్తరములు వ్రాసికొనుచుండగా మేము మువ్వురము బయలుదేరితిమి.

ఆదివారమునాడు అబిడ్సులో ననేకములగు అంగళ్ళు మూయబడియుండును. ఆ మూసిన తలుపుల ముందట, పెద్ద తపాలాకచేరి చుట్టుప్రక్కల, కాలిబాట పొడుగునను పాతపుస్తకముల సంత సాగును. ఉర్దూ కవితలు, ఇంజనీరింగు పుస్తకములు, ఆంగ్లనవలలు, పంచాంగములు, పత్రికల పాతసంచికలు, ఎవరో కన్యకు ఎవరో యన్న పుట్టినరోజున కానుకగా నిచ్చి సంతకము చేసిన రామాయణము: అన్నియు నొక్క దుప్పటిమీదనే. పుస్తకములు బరువును బట్టి యమ్మువారిని చూచి వదినగారు నొచ్చుకొనిరి గాని, బేరమాడుటకు వెనుదీయలేదు. ఇన్నూరు చెప్పిన అట్టలేని జంతుశాస్త్రగ్రంథమును నలుబదికి తెచ్చి కూతురి చేతబెట్టిరి. ఈ విద్య ఏ కళాశాలలోను నేర్పరు.

అటనుండి మోజంజాహీ మార్కెట్టు నడకదూరమే. 1935లో కట్టిన యీ రాతికట్టడము నిజాము రెండవ కుమారుని పేరిటిది. గడియారపు గోపురము, నల్లరాతి కమానులు, పండ్లు, అత్తరులు, ఐస్‌క్రీము దుకాణములు ఇచ్చటి ప్రసిద్ధులు. ఇటీవల మరమ్మతుచేసి శుభ్రపరచిరి గనుక ఆడువారు కూర్చుండి యలసట తీర్చుకొనుటకు వీలుగానున్నది. మేము సీతాఫలపు ఐస్‌క్రీము తినుచుండగా పావురముల గుంపొకటి వాలెను. అన్నియు బూడిదరంగువి, రెక్కపై రెండు నల్లచారలవి. నడుమ తెల్లదొకటి, మచ్చలదొకటి. "బూడిదదానికి తెల్లపిల్ల, తెల్లదానికి మచ్చలపిల్ల! పావురముల లోకమున నిదేమని యడుగువారెవరు?" అని వదినగారు నవ్విరి. నవ్వులో కొంచెము చేదుండెను.

మేనకోడలు పుస్తకము తెరువకయే యొక కథ చెప్పినది. డార్విను పావురములను పెంచి వానిని కలిపి చూచెనట. తెల్లని విసనకఱ్ఱతోక పావురముల నొకవైపు, బార్బులను నల్లజాతిని మరియొకవైపు పెట్టి కలుపగా పుట్టినవి నల్లనివి, గోధుమవన్నెవి, మచ్చలవి. అట్టి సంకరపుపిల్ల నొకదానిని వేరొక సంకరపుపిల్లతో కలుపగా, తల్లిదండ్రులలో నెవ్వరికి నట్టి వన్నె లేకున్నను, అడవిపావురము వలె నీలిబూడిదరంగు, రెక్కపై రెండు నల్లచారలు గల పిల్ల పుట్టెను. 1859లో వెలువడిన తన గ్రంథములో నీ సంగతి నాతడు వ్రాసియున్నాడు. పూర్వరూపము తిరిగివచ్చుచున్నదని కనుగొనెను గాని, నడుమ నది యెచ్చట దాగియుండెనో చెప్పలేకపోయెను. దానిని చెప్పినవాడు మెండెలను క్రైస్తవ సన్న్యాసి. మఠపుతోటలో బఠానీలను పెంచి, 1866లో ప్రకటించిన వ్యాసమున లెక్కలతో నిరూపించెను. ఎవ్వరును చెవినిడలేదు. ఆతడు 1884లో గతించెను. లోకమునకు 1900లో మెలకువ వచ్చినది. పిమ్మట రెండేండ్లకే ఫ్రాన్సులో కెనో యను పండితుడు తెల్లయెలుకలను బూడిదయెలుకలతో కలిపి, బఠానీల లెక్కయే జంతువులకును చెల్లునని చూపెను.

వదినగారి మోకాళ్ళు సహకరింపక అచ్చటినుండి ఆటో యెక్కితిమి. గాంధీభవనము దాటునపుడు ఎదుటి గృహకల్ప భవనమును పిల్ల చూపినది. మనుష్యుల రక్తబిందువునుండి వంశచిహ్నములను చదువు ప్రభుత్వ పరిశోధనకేంద్రము, అనగా డీయన్యే వేలిముద్రల కేంద్రము, కొన్నియేండ్లు నాంపల్లిలోని యీ భవనముననే పనిచేసి పిదప ఉప్పలుకు తరలిపోయినదట. నేరస్థులను పట్టుటయే గాక, వంశమున వచ్చు వ్యాధులను గుర్తించుటయు దాని పనులలో నొకటి. వదినగా రా భవనమును మెడ త్రిప్పి కడవరకు చూచిరి. మేమేమియు ననలేదు.

పబ్లిక్ గార్డెన్సును బాగెఆం అనుట పూర్వాచారము. సామాన్యుల తోట యని యర్థము. శాసనసభాభవనము, జూబిలీహాలు, పురావస్తుప్రదర్శనశాల, లలితకళాతోరణము అన్నియు నీ యావరణలోనివే. ప్రదర్శనశాలలో ఈజిప్టు దేశపు మమ్మీ యొకటి కలదు. ఆ దేశపురాజులలో సొంత చెల్లెండ్రను వివాహమాడినవారు కలరని మావారు చెప్పుచుందురు. అది యటుండనిండు. మాకు కావలసినది వేరు. ఈ తోటలోనే ఒకప్పుడు నగరపు జంతుప్రదర్శనశాల యుండెను. 1963లో బహదూర్‌పురా వైపున నెహ్రూ జంతుప్రదర్శనశాల తెరచిన పిదప మృగములకిచ్చటి వాసము తీరినది. నేడు తెల్లపులిని చూడగోరువారు అచ్చటికే పోవలెను. మా నడక కది దూరమగుటచే, పులులు లేని తోటలో చెట్టునీడ నొక బల్లపై కూర్చుండి పులుల కథ చెప్పుకొంటిమి.

1951 మే నెలలో మధ్యభారతమున రీవా మహారాజు వేటకు పోయి, తల్లివెంట తిరుగుచున్న నాలుగు పులిపిల్లలను చూచెను. తల్లి మామూలు పసుపువన్నెది. పిల్లలలో మూడు నట్టివే, నాలుగవది తెల్లది. తెల్లదానిని ప్రాణముతో పట్టి గోవిందగఢ్ కోటలో నుంచి మోహను అని పేరిడిరి. దానికి వయస్సు రాగానే బేగమను పసుపువన్నె యాడుపులిని జత చేసిరి. మూడు కానుపులలో పది పిల్లలు పుట్టినవి. ఒక్కటియు తెల్లనిది కాదు! తెల్లవన్నె తండ్రితోనే పోయెనని చూచువారనుకొన్నచో తప్పేమున్నది? ఆ పదింటిలో రాధ యనునది పెరిగి పెద్దదయ్యెను. దానిని తండ్రియగు మోహనుతోనే కలిపిరి. మృగములకు వావివరుసలు లేవు. మనుష్యులు ఉండనీయలేదనుట సరియేమో. 1958 అక్టోబరులో రాధకు నాలుగు పిల్లలు పుట్టగా నాలుగును తెల్లవే.

ఈ చిక్కును విప్పుటకు మేనకోడలు తోటద్వారమునొద్ద కొన్న శనగల పొట్లము విప్పినది. అందు పొట్టుతో వేయించిన శనగలు కొన్ని, పొట్టు తీసిన పుట్నాలు కొన్ని. సోదరీమణులు ఇంట చింతగింజలతో చేసికొన్నను సరిపోవును. ప్రతిపులికిని వన్నె నిర్ణయించు గింజలు రెండు: ఒకటి తల్లినుండి, ఒకటి తండ్రినుండి. ఈ గింజనే శాస్త్రజ్ఞులు జన్యువందురు. రెండును శనగలైనచో పులి పసుపుది. ఒకటి శనగ, ఒకటి పుట్నమైనను పసుపుదే. శనగ పైకి వచ్చును, పుట్నము లోపల దాగును. రెండును పుట్నములైనప్పుడే పులి తెల్లది. పైకి వచ్చుదానిని బహిర్గతమనియు, దాగుదానిని అంతర్గతమనియు పాఠ్యగ్రంథములందు వ్యవహరింతురు. దాగినదానిని మోయు ప్రాణిని వాహకమందురు. వాహకమునకు రోగము లేదు, లోపము లేదు, తన లోపలనున్నది తనకే తెలియదు.

ఇప్పుడు లెక్క చూడుడు. మోహనుకు రెండు పుట్నములు. బేగమునకు రెండు శనగలు. పిల్లకు తండ్రినుండి పుట్నము, తల్లినుండి శనగ తప్పదు. కావుననే పదియు పసుపువి. కాని పదియు వాహకములే. రాధ శనగయు పుట్నమును గలది. మోహనునుండి పుట్నమే వచ్చును, రాధనుండి రెంటిలో నేదైన రావచ్చును. సగము తెల్లవి, సగము పసుపువి పుట్టవలెను. నాలుగును తెల్లవి పుట్టుట నాణెమును నాలుగుమార్లెగురవేయగా నాలుగుమార్లును బొమ్మ పడినట్లు. పదునారింట నొకసారి జరుగునది. ఇక మోహను తల్లిదండ్రులు? పసుపువన్నె తల్లికి తెల్లపిల్ల పుట్టినదనగా నామెయు వాహకము, మనము చూడని యా తండ్రిపులియు వాహకమే. అట్టి జంటకు నాలుగింట నొకటి తెల్లది పుట్టవచ్చును. నాలుగింట నొక్కటియే పుట్టెను గదా యని పిల్ల గింజలను నాలుగు జంటలుగా పేర్చి చూపినది.

వదినగారు శనగలు తినుట మాని యా నాలుగు జంటలనే చూచుచుండిరి.

రాధ కూతుండ్రలో మోహిని యనునది 1960 డిసెంబరులో అమెరికా రాజధానియగు వాషింగ్టను చేరెను. దానికి జతచేసిన సాంసను బేగము కొడుకు, రాధకు తోబుట్టువు. అనగా మోహినికి మేనమామ. తండ్రి యొక్కడే యగుటచే సవతియన్నయు నయ్యెను. పసుపువన్నెవాడే గాని లోపల పుట్నమున్నది గనుక ఆ సంతానమున మరల తెల్లపులులు కలిగినవి. ఈ తీరున దగ్గరిరక్తమును దగ్గరిరక్తముతోనే కలుపుచు పోయినందున తెల్లవన్నె వెంట ఇతరములగు దాగిన లోపములును పైకి వచ్చినవి. తెల్లపులులలో మెల్లకన్నులు తరచుగా నుండుట కొంత యీ వన్నెతోనే ముడివడినది. కంటినుండి మెదడునకు బోవు నరములు త్రోవ తప్పుటచే నది కలుగును. సయాం పిల్లులలోను నిట్లే చూచెదరు. 2013లో చీనా పండితులు ఆ పుట్నము నెచ్చటనున్నదో కనిపెట్టిరి: వన్నెకు సంబంధించిన యొక్క జన్యువులో నొకే యక్షరము మారినదట. దానిచేత పసుపు పోయినది, నల్లచారలు మిగిలినవి. ఇంత కథకు ఒక్క యక్షరమే మూలము!

అడవిలోనే యుండి మనుష్యుడు ముట్టని పులులయందును నిట్టిది కలదు. ఒడిశాలోని సిమిలిపాలు అడవిలో చారలు కలిసిపోయి నల్లగా కనబడు పులులు చాల కలవు. ఇతరచోట్ల నట్టివి దాదాపు కానరావు. అదియు అంతర్గతలక్షణమేయని బెంగుళూరు పండితులు 2021లో తెలిపిరి. ఆ యడవిపులులు కొద్ది, ఇతరపులులతో రాకపోకలు తక్కువ. తమలో తామే జతగూడవలసి వచ్చుటచే దాగిన గింజ దాగిన గింజను కలిసికొనుట సులభమైనది. కొండల నడుమ చిక్కిన మందకును, నాలుగూళ్ళు దాటి సంబంధము చేయని వంశమునకును పోలిక మేము వేరుగా చెప్పనక్కరలేదు.

అప్పుడు వదినగారు నోరు విప్పిరి. ఆమె తన మేనత్త కొడుకునకే యీయబడినది. తొలికాన్పున పుట్టిన కుమారునకు పుట్టుకనుండియు వినబడదు. ఇరువదియారేండ్ల ప్రాయముగల యా పిల్లవాడు చక్కని చేతివ్రాత కలవాడు, అచ్చుకూటమున పనిచేయుచు ఇల్లు నిలుపుచున్నాడు. రెండవకాన్పు ఈ చిన్నది. దీని చెవులు నిక్షేపములు. తొలిబిడ్డ వినడని తెలిసిననాటినుండి వదినగారి యత్తగారు, అనగా సొంత మేనత్తయే, నీ కడుపు మంచిది కాదని యెన్ని మారులన్నదో లెక్కలేదు. గ్రహణమునాడు కూర కోసితివనిరి. వేవిళ్ళలో పెట్టరానిది తింటివనిరి. ఇన్నేండ్లు పుట్టింటివారు సైతము దానిని ఖండింపలేదు. ఆడుబిడ్డ కాపురము నిలిచిన చాలుననుకొనిరి కాబోలు.

మాకు ఆదిపర్వము జ్ఞప్తికి వచ్చినది. చిన్ననాట నాయనగారియొద్ద తెలుగు భారతము చదువునపుడు, అంబిక వ్యాసుని చూచి కన్నులు మూసికొన్నందున ధృతరాష్ట్రుడు గ్రుడ్డివాడయ్యె ననియు, అంబాలిక వెలవెలబోయినందున పాండురాజు పాలిపోయిన మేనితో పుట్టె ననియు వింటిమి. కన్ను మూసినది తల్లి, తెల్లబోయినది తల్లి. తండ్రి తపస్వి, ఆతనిని నెవ్వరేమనిరి? పురాణకథకు జన్యువుల లెక్క కట్టుట మా యుద్దేశము గాదు. తల్లి కనురెప్పలో కారణమును వెదకు నలవాటు మనదేశమున నెంత పాతదో చెప్పుటకే యీ ప్రస్తావన.

మేనకోడలు మెల్లగా నడిగినది. "అమ్మా, నానమ్మ తరపున వినబడనివారు ఇంకెవ్వరైన నుండిరా?" వదినగారు కొంతసే పాలోచించి, తన తాతగారికి అన్నగారొకరు పుట్టుమూగ యనియు, పొలముననే యుండి పెండ్లి లేకయే గతించిరనియు చెప్పిరి. ఆ తాతగారి కొడుకు వదినగారి తండ్రి. కూతురు ఆ మేనత్త. పిల్ల గింజలను తీసికొని వంశవృక్షము పేర్చినది. తాతగారు వాహకమైయుండవచ్చును, ఆయన చెవులు బాగుగనే యుండెను. ఆయన పుట్నమొకటి కొడుకునకు, ఒకటి కూతునకు పోయియుండవచ్చును, వారును వినగలవారే. కొడుకునుండి వదినగారికి, కూతునుండి వదినగారి భర్తకు, వీరును వినగలవారే. మూడు తరములు నిశ్శబ్దముగా నడచి, మేనరికమున రెండు గింజలు నొక బిడ్డయందు కలిసినవి. అట్లైనచో నింతకాలము కోడలి కడుపును నిందించిన మేనత్తయు నదే గింజను తన కడుపున మోసి కొడుకున కిచ్చినది. ఇచ్చినవారిలో నెవ్వరిది దోషము? ఇచ్చుచున్నామని యెరిగినవా రెవ్వరు?

ఇక్కడ నొక జాగ్రత్త చెప్పవలెను. పుట్టుచెవుడంతయు వంశమున వచ్చునది కాదు. గర్భిణికి తగులు కొన్ని జ్వరములవలనను, నెలలు నిండని కానుపువలనను, మరి యితర కారణములవలనను కలుగవచ్చును. వంశమున వచ్చువానిలో మాత్రము అధికభాగము ఇట్టి అంతర్గతములే. మా వదినగారి కుమారునిది ఏదియో బల్లపై పేర్చిన శనగలు చెప్పజాలవు; రక్తపరీక్షయే చెప్పవలెను. అది వంశమున వచ్చినదే యైనచో, వినగల తోబుట్టువగు మేనకోడలు వాహకమగుటకు మూడింట రెండువంతుల యవకాశము. వదినగారి తమ్ముడగు మా మరిది వాహకమగుటకు రెంటిలో నొకటి. ఇద్దరును వాహకములగుటకు మూడింట నొకటి. అప్పుడు ప్రతికాన్పునను బిడ్డకు నాలుగింట నొకటి. అన్నియు గుణించినచో పండ్రెండింట నొకటి యగును. పిల్ల యీ లెక్కను వ్రేళ్ళపై చేయలేదు. ఎన్నడో చేసి దాచుకొన్నట్లు గబగబ చెప్పినది. దాని మౌనమున కర్థము మాకప్పుడు తెలిసినది.

మేనరికమనగానే అన్నియు చెడునని భయపెట్టుట మాకిష్టము లేదు. సంబంధము లేని దంపతుల బిడ్డలలో నూటికి ఇద్దరు ముగ్గురు ఏదో పుట్టులోపముతో పుట్టుదురు. బావమరదళ్ళ వివాహములలో దానిపై మరి రెండు మూడు చేరునని వైద్యులందురు. అనగా నూటికి తొంబదికి పైగా బిడ్డలు ఆరోగ్యవంతులే. మేనమామ సంబంధమున రక్తము మరింత దగ్గర గనుక ప్రమాదము నంతకంటె నెక్కువ. సుభద్రార్జునులు మేనరికమే, మన మాయాబజారున శశిరేఖాభిమన్యులును మేనరికమే. ఆస్తి చెదరదు, పిల్ల పరాయియిల్లు చేరదు, అత్త తెలిసినదియే యగును. (తెలిసిన యత్త యెట్లుండగలదో పైన వ్రాసితిమి.) కాని వంశమున నొకసారి లోపము కనబడినపిదప మరల నదే రక్తమును కలుపుట వేరుమాట. అప్పుడు నూటిలెక్క పనికిరాదు, ఆ యింటిలెక్క చూడవలెను.

పశువులను పెంచువారి యెరుక యీ విషయమున మనకంటె ముందున్నది. అమెరికాలో 1952లో పుట్టిన ఆస్బర్న్‌డేల్ ఐవన్‌హో అను హోల్‌స్టీను ఆబోతు పాడికి పేరుపొందిన వంశమునకు మూలపురుషుడు. దాని వీర్యముతో, దాని కొడుకుల మనుమల వీర్యముతో దేశదేశముల ఆవులకు సూదులు వేసిరి. ఆ యాబోతున కే లోపమును లేదు. కాని లోపల నొక పుట్నముండెను. కొన్ని తరములపిదప నిరువైపుల వంశమునను ఐవన్‌హోయే యైన దూడలు పుట్టి, తెల్లరక్తకణములు వ్యాధిని చేరి పోరాడజాలక చిన్ననాడే చనిపోవుచుండెను. నేడు మనదేశమునను సంకరజాతి ఆబోతులకు ఈ పరీక్ష చేసి, వాహకములను తొలగించెదరు. వదినగారి యింట హోల్‌స్టీను సంకరపు టావు కలదు. "ఎద్దుకు పరీక్ష చేయించెదరా!" యని యామె యన్నమాట మా చెవిలో నింకను నున్నది.

ఈ శాస్త్రమునకు మన తెలుగునాటితో నొక బంధుత్వము కలదు. హాల్డేనను నాంగ్లపండితుడు బాల్యముననే చెల్లెలు నయోమీతో గూడి గినీపందులను, ఎలుకలను పెంచి వన్నెల లెక్కలు కట్టెను. 1915లో ఆ యెలుకల సంగతి ప్రకటించినపుడు చెల్లెలి పేరును రచయితలలో చేర్చిరి. ఆమె అప్పటికి పదునెనిమిదేండ్ల పిల్ల. ఇంటిపెరటిలో పంజరములు కడుగుచునే యామె శాస్త్రము నేర్చినది. హాల్డేను 1957లో భారతదేశమునకు వచ్చి యిచ్చటనే స్థిరపడెను. ఆయన శిష్యుడు ద్రోణంరాజు కృష్ణారావుగారు తెలుగువారు. మీరాఖానుగారితో కలిసి ఆంధ్రప్రదేశమునందలి మేనరికములెన్ని, వాని ఫలితములెట్టివి యని విచారించి 1963లో ప్రకటించిరి. 1964 డిసెంబరులో హాల్డేను గతించినపుడు, ఆయన కోరికప్రకారము దేహము కాకినాడ రంగరాయ వైద్యకళాశాలకు చేరినది. మన మేనరికములు మనకు ముచ్చట; ఆయనకు జీవితాంతము విడువని ప్రశ్న.

ఎండ నెత్తిమీదికి వచ్చెను. తోటమాలి నీళ్ళగొట్టము మా బల్లవైపు త్రిప్పుచుండెను. వదినగారు పరీక్ష యెచ్చట చేయుదురని యడిగిరి. పంజగుట్టలోని నిమ్సు ఆసుపత్రిలో వంశవ్యాధుల విభాగము కలదని మేనకోడలు చెప్పినది. మొదట అన్నగారి రక్తము చూడవలెనట. అందు కారణము దొరకినచో తక్కినవారిది వెదకుట సులభమట. తరువాత తనది, చిన్నమామయ్యది.

"మీ నాన్నగారిది?" అని వదినగారు.

"అవసరమైనచో తీసికొందురమ్మా. అన్నయ్యకు రెండు గింజలు దొరకినచో నాన్నగారినుండి ఒకటి వచ్చినట్లే గదా."

"అవసరమే. తీయించవలెను. కాగితముమీద వ్రాసి ముద్రవేసి యిత్తురా? మా మేనత్తకు చత్వారమున్నది, పెద్దక్షరములతో కావలెను."

మేము నవ్వితిమి, ఆమె నవ్వలేదు. మిగిలిన శనగలను పుట్నములను కలిపి పొట్లము కట్టి కొంగున ముడివేసికొనిరి. నాంపల్లి స్టేషను వైపు నడచునపుడు తమ్మునికి తామే ఫోను చేసి, మరునాటి రైలుకు రమ్మనియు, మేనల్లుని వెంటబెట్టుకొని రమ్మనియు చెప్పిరి. ఎందులకని యాతడడిగినట్లున్నది. "పెండ్లిమాటకే. వట్టికడుపుతో రావలెనో లేదో కనుగొని మరల చెప్పెదను" అని ఫోను పెట్టివేసిరి.